బోర్డుకి అడుగు వెనకాల

షాట్‌పుట్ కోచ్‌గా రిటైరయ్యానంటే జనం ముందు నా చేతులకేసి చూస్తారు. ఆ తర్వాత, "అయితే మీరూ గుండు విసిరేవారా అండీ?" అంటారు. విసరడం కాదండీ, తొయ్యడం అని చెప్పి చెప్పి నా సర్వీసు సగం కరిగిపోయింది. మిగతా సగం, మీ పిల్ల చెయ్యేం వంకర పోదని అమ్మానాన్నలకి నచ్చచెప్పడంలో పోయింది.

ఈ మధ్య కోచింగ్‌లోకి కొత్తగా వచ్చిన ఇద్దరమ్మాయిలు మా ఇంటికొచ్చి, "మేడమ్, మాకేమైనా చెప్పండి" అన్నారు. ఆ రోజు కాఫీ ఇచ్చి పంపించేశాను. నోటితో చెబితే నాకు కోపం వచ్చేస్తుంది, పాత బాసుల్ని తిట్టేస్తాను. కాగితం మీదైతే కాస్త నెమ్మదిగా ఉంటానని ఇలా కూర్చున్నాను. ప్రమోషన్లూ సన్మానాలూ రాయను. వాటివల్ల ఒక్క పిల్లయినా ఒక్క అంగుళం ఎక్కువ వెయ్యలేదు.

ముందు కాస్త పాత కథ

మీరు నేర్పే ఆట ఎక్కణ్ణుంచి వచ్చిందో మీకు తెలిసుండాలి. బరువైన రాయితో బలం చూపించుకోవాలన్న సరదా లేని ఊరు ఉండదు. మన ఉత్తరాంధ్ర జాతర్లలో సంగిడి రాళ్ళెత్తే పోటీలు ఇప్పటికీ ఉన్నాయి కదా. ఇంకోచోట ఎత్తే బదులు దూరం తోశారు, రాయి పోయి ఇనుప గుండు వచ్చింది. మగవాళ్ళ గుండు ఏడు కిలోల రెండువందల అరవై గ్రాములు. ఇదేం లెక్క మేడమ్ అని ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరు అడుగుతారు. అది ఇంగ్లీషు వాళ్ళ పదహారు పౌన్లు. ప్రపంచం కిలోల్లోకి మారినా ఆ తూకం మాత్రం మారలేదు. ఆడవాళ్ళది నాలుగు కిలోలు.

మొట్టమొదటి ఆధునిక ఒలింపిక్స్‌లోనే షాట్‌పుట్ ఉంది. అప్పుడు చతురస్రంలో నిలబడి వేసేవారు, వృత్తం తర్వాత వచ్చింది. ఒక ఒలింపిక్స్‌లో అయితే కుడిచేత్తో వేసిందీ ఎడమచేత్తో వేసిందీ కలిపి లెక్కకట్టే పోటీ కూడా పెట్టారు. ఆడవాళ్ళకి ఒలింపిక్స్‌లో గుండు ముట్టుకునే అవకాశం రావడానికి మాత్రం యాభై ఏళ్ళు దాటింది. అది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. నీళ్ళ బిందెలకీ ధాన్యం బస్తాలకీ పనికొచ్చిన భుజాలు దీనికి పనికిరాలేదట.

వేసే పద్ధతి కూడా మారుతూ వచ్చింది. ఒకప్పుడు పక్కకి తిరిగి నిలబడి తోసేవారు. యాభైల్లో ఒక అమెరికా కుర్రాడు, గుండు వెళ్ళాల్సిన దిక్కుకి వీపు పెట్టి, ఒంటికాలి మీద వెనక్కి జారుకుంటూ వచ్చి తోశాడు. దాన్నే గ్లైడ్ అంటాం. డెబ్భైల్లో డిస్కస్ వేసేవాళ్ళలా గిర్రున తిరిగి వెయ్యడం వచ్చింది, అది స్పిన్. ఈరోజు మగవాళ్ళలో పైనున్న వాళ్ళు దాదాపు అందరూ తిరిగేవాళ్ళే, ఈమధ్య ప్రపంచ రికార్డులూ అలాగే పడ్డాయి. ఆడవాళ్ళ ప్రపంచ రికార్డు మాత్రం ఎనభైల్లో పడ్డది పడ్డట్టే ఉంది. అలాంటి అంకెలు గోడకి అంటించి పిల్లల్ని బెదరగొట్టకండి. నిన్నటికన్నా ఈరోజు జానెడు ఎక్కువ వేస్తే చాలు.

మా బాస్ అప్పలరాజు గారని, మా గ్రౌండు చూసుకునే స్పోర్ట్స్ ఇన్‌ఛార్జి. కబడ్డీ ఆడిన మనిషి, మనసు మంచిదే. కాని రాత్రి టీవీలో చూసింది పొద్దున్నకల్లా గ్రౌండులో కనపడాలి ఆయనకి. ఒలింపిక్స్ చూసొచ్చి, "ప్రపంచమంతా తిరుగుతోందమ్మా, మన పిల్లలూ తిరగాల్సిందే" అన్నారు. తిరిగారు పాపం, సీజనంతా తిరిగారు. పిల్ల ఒకవైపు, గుండు ఒకవైపు. ఒక గుండు వెళ్ళి వాచ్‌మన్ సైకిల్ చక్రం మీద పడ్డాక ఆయన ఆ ఊసు మానేశారు. కొత్త పద్ధతి వచ్చింది కదా అని పాతది పారెయ్యకండి. ముందు మీ ఎదురుగా ఉన్న పిల్ల కాళ్ళు చూడండి.

తోసే పిల్ల

క్లాసులో ఎవరు లావుగా ఉంటే వాళ్ళని షాట్‌పుట్‌కి పంపించే మాస్టర్లంటే నాకు మహా చిరాకు. గుండు వెళ్ళేది కాళ్ళ బలంతో. చెయ్యి ఆఖర్న దాన్ని సాగనంపుతుందంతే.

పైడితల్లిని నేను మొదట చూసింది గ్రౌండులో కాదు, గాజువాక రోడ్డు మీద. వాన వెలిసింది. షేర్ ఆటో ఒకటి బురదలో దిగబడిపోయింది. దిగినవాళ్ళంతా చుట్టూ నిలబడి డ్రైవరుకి తలో సలహా పారేస్తున్నారు. స్కూలు యూనిఫాంలో ఉన్న ఒక పొడుగుపాటి పిల్ల సంచీ తీసి ఎవరి చేతిలోనో పెట్టి, వెనక్కొచ్చి, మోకాళ్ళు వంచి ఒక్క తోపు తోసింది. ఆటో బయటపడింది. సలహాలిచ్చినవాళ్ళు ముందుగా ఎక్కేశారు.

నేను దగ్గరికెళ్ళి పేరడిగాను.

"పైడితల్లండి. ఏటండి, నానేటి సేసినాను?" అంది బెదిరిపోయి.

వాళ్ళది అచ్యుతాపురం పక్క పల్లె. సేద్యం మానుకుని గాజువాక వచ్చేశారు. తండ్రి ఒక కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ, తల్లి ఎర్రయ్యమ్మకి ఇడ్లీ బండి. నేను విషయం చెబితే ఎర్రయ్యమ్మ చట్నీ గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"ఇనప గుండా? ఆడపిల్లకి అదేటి మేడమ్?"

"చదువు మానక్కర్లేదమ్మా. సాయంత్రం పూట పంపితే చాలు. గుడ్డూ పాలూ గ్రౌండులోనే ఇస్తాం."

"రోజూ పెడతారేటి?"

"రోజూ."

"అయితే తీస్కెల్లండి" అంది.

అలా మొదలైంది. పదేళ్ళు నా దగ్గరే ఉంది. రాష్ట్రంలో దాన్ని కొట్టేవాళ్ళు లేరు. జాతీయ పోటీలకెళ్తే మాత్రం నాలుగో ఐదో. బలం ఉంది, గ్లైడ్ నేను గర్వంగా చూపించుకునేంత బాగుంది, దూరం మాత్రం అక్కడే ఆగిపోయింది. ఈలోగా చదువైపోయి అచ్యుతాపురంలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో చేరింది. కంపెనీ బస్సులో వెళ్ళి, షిఫ్టు దిగి, తిన్నగా గ్రౌండుకొచ్చేది.

ఒకరోజు షూ విప్పుకుంటూ చెప్పింది. "మేడమ్, వొచ్చే ఏడు ఇండియా టీం సెలెక్షన్లంట కదా. అదొక్కటీ సూత్తాను. అప్పుడూ కాపోతే వొగ్గేత్తాను. సూపర్వైజరు మరి సెలవియ్యనన్నాడు, ఇంట్లో కూడా ఎంతకాలం సూత్తారు?"

పదేళ్ళు చూసిన పిల్ల. ఆ రోజు ఇంటికెళ్ళి సరిగ్గా తిండి కూడా తినలేదు.

ఇనుప బోర్డు

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. వృత్తం ముందు అంచున పిడికిలంత ఎత్తున వంపు తిరిగిన తెల్లటి దిమ్మ ఒకటి ఉంటుంది. దాన్ని స్టాప్ బోర్డు అంటారు. జారుతూ వచ్చిన పాదాన్ని దాని లోపలి గోడకి తన్నిపెట్టి ఆగొచ్చు, అది తప్పు కాదు. పైన తొక్కినా, దాటినా ఫౌల్. ప్రపంచంలో ఎక్కడైనా అది మామూలుగా చెక్కతో చేసుంటుంది.

మాది స్టీలు. గ్రౌండు కట్టిన కొత్తలో అప్పలరాజు గారే పట్టుబట్టి చేయించారు. తెలిసిన వెల్డింగ్ షాపులో మందపాటి ప్లేటు వంచి, అతికించి, కాంక్రీటులో బోల్టులేసి బిగించారు. "స్టీలు ప్లాంటున్న ఊళ్ళో చెక్కేటమ్మా, చూసినోళ్ళు నవ్విపోరూ?" అనేవారు. ఎవరొచ్చినా ముందు దాన్నే చూపించేవారు. నిజంగానే ముచ్చటగా ఉండేది. ఎండకి వానకి చెక్కుచెదర్లేదు, పెయింట్ కూడా కొత్తగానే ఉండేది. ఇన్నేళ్ళయినా గీత పడలేదని నేనూ మురిసిపోయాను.

నా కన్నా ముందున్న కోచ్ రోజుల్లో ఒక కుర్రాడు జారుతూ వచ్చి ఆ ఇనుముకి బొటనవేలు కొట్టుకుని విరగ్గొట్టుకున్నాడట. ఆ తర్వాత గ్రౌండులో ఒక అలవాటు పాతుకుపోయింది. కొత్తగా ఎవరు వృత్తంలోకి దిగినా పక్కనున్న సీనియర్లు "వేలు జాగర్త" అనేవాళ్ళు. ఆ కుర్రాడెవరో ఎవరికీ గుర్తులేదు, మాట మాత్రం మిగిలింది. గుడిలోకెళ్తే చెప్పులు విప్పినట్టు, వృత్తంలోకెళ్తే వేలు జాగ్రత్త. పైడితల్లి కూడా తర్వాత వచ్చిన పిల్లలందరికీ అలాగే చెప్పేది.

దొంగ చేసిన ఉపకారం

పైడితల్లి ఆ మాట అన్న కొన్నాళ్ళకి, ఒక సోమవారం సాయంత్రం వెళ్ళేసరికి బోర్డు లేదు. బోల్టులు కోసి, ఎత్తుకుపోయారు. స్క్రాప్ దొంగలు. మన ఊళ్ళో ఇనుముకి కాళ్ళొస్తాయని మీకు తెలిసిందే. అప్పలరాజు గారు బనీను మీదే పరిగెత్తుకొచ్చి, ఆ ఖాళీ చోటు చూసి, దొంగ తాతముత్తాతల దాకా వెళ్ళారు.

పిల్లల ప్రాక్టీసు ఆపడం ఎందుకని నేను బోర్డు ఉన్న చోట సుద్దతో గీత గీసి, దీన్ని దాటకండి అన్నాను. రెండు మూడు రోజులు అందరికీ ఫౌళ్ళే. నాలుగో రోజు పైడితల్లి వేసిన గుండు రోజూ పడే గుంటల్ని దాటిపోయి పడింది. ఏదో గాలివాటం అనుకున్నాను. మళ్ళీ వేసింది, మళ్ళీ అక్కడే.

"మేడమ్, ఈ గుండేటి తేలిగ్గున్నాది?" అని అనుమానంగా దాన్నే తిప్పి తిప్పి చూసింది.

నేను గుండు చూడలేదు. కింద చూశాను. సిమెంటు మీద దాని షూ రాపిడి మచ్చ సుద్దగీతని ఆనుకుని ఉంది. పాత మచ్చలన్నీ, ఏళ్ళ తరబడి పడ్డ నల్లటి చారలు, గీతకి అడుగు వెనకాలే గుంపుగా ఆగిపోయి ఉన్నాయి. పైడితల్లివే కాదు, మా గ్రౌండులో వేసిన ప్రతి పిల్లవీ. పోటీలకెళ్ళినప్పుడు వేరే ఊళ్ళలో బోర్డులు చూశాను కదా. తన్నులు తిని తిని లోపలివైపు పెయింటే ఉండదు వాటికి. మా బోర్డు కొత్తగా ఉండిపోయిందంటే అర్థం, ఇన్నేళ్ళలో ఒక్క పాదమూ దాన్ని తాకలేదని. అందరూ అడుగు ముందే బ్రేకు వేసుకుంటున్నారు. బ్రేకు వేసిన ఒంట్లోంచి గుండు పూర్తి ఊపుతో వెళ్ళదు, పైగా ఆ అడుగు దూరం ఎలాగూ నష్టమే.

ఆనందించాలో ఏడవాలో తెలియలేదు. వృత్తం అంచున కూర్చుండిపోయాను. పైడితల్లి వాటర్ బాటిల్ తెచ్చి పక్కన పెట్టి, "ఏటయినాది మేడమ్, బీపీయా?" అంది.

చెక్కది

ఈలోగా అప్పలరాజు గారు కొత్త బోర్డుకి ఆర్డరిచ్చేశారు. పాతదాని కన్నా మందం, ఈసారి కాంక్రీటులో మూరెడు లోతుకి. నేనెళ్ళి చెక్కది కావాలన్నాను.

"మళ్ళీ చెక్కేటమ్మా! వాన తగిలితే ఉబ్బిపోద్ది, చెదలు పట్టేస్తాది. స్టీలైతే నీకూ నాకూ తరవాత కూడా ఉంటాది."

"అదేనండీ బాధ. మన తర్వాత కూడా ఉంటుంది."

షూ మచ్చల సంగతి చెప్పాను. ఆయన నమ్మలేదు. అంత పెద్ద పిల్లలకి భయమేంటి అన్నారు. నాకు ఓపిక తక్కువ. ఆఫీసు బయట వాకిట్లో ఒక పాత ఇనుప గర్డరు పడుంటుంది, దాని దగ్గరికి తీసుకెళ్ళాను.

"మీరు కబడ్డీ ఆడిన మనిషి. ఈ గోడ దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చి దీన్ని గట్టిగా తన్ని ఆగండి సార్."

ఆయన గర్డరుకేసి చూశారు, తన చెప్పులకేసి చూసుకున్నారు.

"నా కాలిరగ్గొడతావేటమ్మా?"

"మరి పిల్లల కాళ్ళో?"

గర్డరుని చెప్పుతో మెల్లగా తట్టి చూశారు. తర్వాత పడీ పడీ నవ్వారు. "సరే, నీ చెక్క నువ్వే తెచ్చుకో. నేను మాత్రం చూపించను ఎవరికీ" అన్నారు. చెప్పిన మాట విని మనసు మార్చుకోవడం నా సర్వీసులో ఇంకే బాస్‌లోనూ పెద్దగా చూడలేదు. అందుకే ఆయన్ని తిట్టినా గౌరవంగానే తిడతాను.

వంపు తిరిగిన చెక్క ఎవరు చేస్తారని ఆలోచిస్తే, చేపల రేవులో బోట్లు కట్టే వడ్రంగులు గుర్తొచ్చారు. వాళ్ళకి వంపులు కొత్తకాదు. నేను చెప్పిందంతా విని ఆ వడ్రంగి ఒక్కటే అడిగాడు. "ఇది నీల్లల్లో తేలాలేటి మేడమ్?" అక్కర్లేదన్నాను. "అయితే తేలికే" అన్నాడు.

బోర్డు వచ్చింది, భయం మాత్రం వెంటనే పోలేదు. తెల్లదిమ్మ కనపడగానే పైడితల్లి పాదం మళ్ళీ అడుగు వెనకాలే ఆగింది. ఒంటికి పట్టిన అలవాటుని మాటలు వదిలించలేవు. అందుకని దూరం కొలవడం మానేశాను. "గుండు ఎక్కడ పడిందో నాకక్కర్లేదు. నీ షూ బోర్డుని కొట్టిన చప్పుడు వినాలి" అని వీపు తిప్పుకుని నిలబడేదాన్ని. చప్పుడు వస్తే మంచిదన్నట్టు తల ఊపేదాన్ని, రాకపోతే లేదు. "వేలు జాగర్త" అన్న మాట గ్రౌండులో నిషేధించాను. నెలలు పట్టింది. సెలెక్షన్ల నాటికి పదింట ఆరేడుసార్లు చప్పుడు వచ్చేది.

ఆరు అవకాశాలు

సెలెక్షన్లు ఉత్తరాదిలో ఒక ఊళ్ళో జరిగాయి. టీంలోకి ఇద్దర్ని తీసుకుంటారు. మొదట అందరికీ మూడేసి అవకాశాలు, ముందున్న ఎనిమిది మందికి ఇంకో మూడు. కోచ్‌లు కంచె ఇవతలే ఉండాలి.

కొత్త చోటు, తెలియని ముఖాలు. మొదటి మూడూ పాత పైడితల్లే వేసింది, అడుగు వెనకాల నిలబడి. బొటాబొటిగా ఎనిమిదో స్థానం. నాలుగోసారి చప్పుడు నాకు కంచె దాకా వినపడింది. గుండు ఎక్కడికో వెళ్ళి పడింది. స్టాండులో కూర్చున్నవాళ్ళు ఓహో అన్నారు. జడ్జి ఎర్రజెండా ఎత్తాడు. ఊపులో పాదం బోర్డు మీదికెక్కేసింది. ఫౌల్‌ని కొలవరు, అది ఎంత దూరం వెళ్ళిందో లోకంలో ఎవరికీ తెలియదు. ఐదోసారి ఆ జెండా భయంతో మళ్ళీ వెనకే ఆగిపోయింది.

కంచె దగ్గరికొచ్చింది.

"మేడమ్, ముందుకెల్తే ఫౌలైపోతన్నాది. ఎనక్కుంటే సాల్తన్నేదు. ఏటి సెయ్యమంటారు?"

ఇలాంటప్పుడు కోచ్‌లు టెక్నిక్ చెబుతారు. మోచెయ్యి, గడ్డం, తుంటి అని ఏకరువు పెడతారు. దయచేసి మీరా పని చెయ్యకండి, ఆ పిల్ల చెవులకి అప్పుడేమీ ఎక్కదు. నేనూ ప్రశాంతంగా ఉన్నానని అబద్ధం రాయను.

"ఫౌలైతే అవనీ. దాన్ని తన్ని ఓడిపోయి రా, నేనేమీ అనను. ముందే ఆగిపోయి ఓడితే మాత్రం నువ్వే ఊరుకోవు జీవితాంతం" అన్నాను.

అది నాకేసి చూసి, ముక్కు తుడుచుకుని వెళ్ళిపోయింది.

గుండు మెడకింద ఆనించుకుంది. గుండు పడే వైపుకి వీపు పెట్టి వంగింది. నేను కళ్ళు మూసుకున్నాను, చూడకుండా చప్పుడే వినడం నెలల తరబడి అలవాటైపోయింది కదా. చప్పుడు వచ్చింది. ఆ తర్వాత చాలాసేపు కళ్ళు తెరవలేదు. పక్కనున్న పంజాబీ కోచ్ నా భుజం పట్టుకుని ఊపుతుంటే తెరిచాను. తెల్లజెండా. టేపు పట్టుకుని ఇద్దరు నడుస్తున్నారు. స్కోరుబోర్డు మీద వెలిగిన అంకె దాని జీవితంలో అన్నిటికన్నా పెద్దది. మిగతావాళ్ళంతా వేసేశాక కూడా రెండో స్థానమే, టీంలోకి వచ్చేసింది. కంచె మీంచి నన్ను ఎత్తేసుకుంది, ఆ వయసులో నన్నెవరూ ఎత్తలేదు.

టిఫిన్ బండి దగ్గర

కథ పెంచకుండా చెప్పేస్తాను. ఆ టీంతో వెళ్ళిన ఆసియా పోటీలో పైడితల్లికి పతకం రాలేదు, ఆఖరి ఎనిమిది మందిలోకీ రాలేదు. చైనా అమ్మాయిలు మనకన్నా చాలా ముందున్నారు, ఆ దూరం ఒక బోర్డు మారిస్తే తీరేది కాదు. అది మీ తరం పని. కాని మన దేశం బనీను వేసుకుని, ఆ వృత్తంలో నిలబడి, తన పూర్తి దూరం తను వేసుకొచ్చింది.

ఆ పోటీ ఫోనులో లైవ్ వచ్చింది. ఎర్రయ్యమ్మ తన కూతురు గుండు వెయ్యడం ఎప్పుడూ చూడలేదు. పోటీలన్నీ పొద్దున్న పూటే, పొద్దున్న బండి వదిలితే కుదరదు. అందుకని నేనే గాజువాక వెళ్ళాను. ఇడ్లీలు అయిపోయాయి, పళ్ళేలు కడిగి బోర్లించేసింది. బండి పక్కన స్టూలు మీద ఇద్దరం ఇరుక్కుని కూర్చున్నాం. పైడితల్లి వృత్తంలోకి రాగానే, "సిక్కిపోనాది" అంది.

గుండు మెడకి ఆనించింది, వంగింది, జారింది, తోసింది. పాదం బోర్డుకి ఆనుకుని ఆగింది. తెల్లజెండా లేచింది. తెర మీదకి వేరే అమ్మాయి వచ్చేసింది.

"అయిపోనాదా?" అంది ఎర్రయ్యమ్మ.

"అయిపోయిందమ్మా."

"అంతేనా! ఇన్నేల్లూ దీనికేనా మేడమ్?"

"దీనికే."

చీర కొంగుతో ముఖమంతా తుడుచుకుంది. నా చేతిలోంచి ఫోను లాక్కుని తెర కూడా తుడిచింది.

"కల్లనీల్లడ్డొచ్చి నాను సరిగ్గా సూడ్నేదు" అంది. "మల్లీ ఎయ్యమనండి."